బావ మీద వేసిన ఒట్టు

14-7-1968, ఆదివారం. చీపురుపల్లి

ఇల్లు కుదిరింది. స్టేషను వీధి వెనక రెండు గదులు, పెరటి వైపు చిన్న వసారా. వసారాలోనే పొయ్యి. పొయ్యి దగ్గర ఇద్దరం కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి. తగలనీ.

పెళ్ళయి ఏడేళ్ళు. నేను పాలకొండ అవతల బడిలో పంతులమ్మని, బావ గరివిడి ఫ్యాక్టరీలో కాటా దగ్గర. శనివారం సాయంత్రం వచ్చేవాడు, సోమవారం తెల్లవారకుండా వెళ్ళిపోయేవాడు. ఇదేం కాపురం అని నేను ఏడ్చిన రోజులున్నాయి. ఆఖరికి నాకు ఈ ఊరికి బదిలీ అయింది. ఇక్కణ్ణుంచి బావ సైకిలు మీద పనికి వెళ్ళి చీకటి పడేసరికి ఇంటికొస్తాడు. రోజూ ఇంటికొచ్చే మొగుడు! ఆడవాళ్ళందరికీ ఉన్నదే. నాకు మాత్రం పండగలా ఉంది.

రాత్రి అన్నం తింటూ, "ఏటే కూర్మీ, పులుసులో ఉప్పు సాల్లేదు" అన్నాడు. చాలకేం, సముద్రంలా ఉంది. ఆ నోటికి ఎంత వేసినా చాలదు.

16-7-68

బావకి తలనొప్పి. పనికి వెళ్ళలేదు. పొద్దున కళ్ళ కింద ఉబ్బినట్టు కనిపించింది. "కొత్తింట్లో నిద్ర పట్టట్లేదే" అన్నాడు. అంతే అయి ఉంటుంది.

19-7-68. విజయనగరం

నిద్ర కాదు.

నిన్న మధ్యాహ్నం ముక్కులోంచి రక్తం ధారగా కారింది. ఎదురుగా ఉన్న నేను కనిపించడం లేదన్నాడు. ప్యాసింజరు బండిలో ఇక్కడికి ఎలా తీసుకొచ్చానో నాకే తెలియదు. డాక్టరు జగన్నాధం గారు చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి చూసి, ఇంకోసారి చూశారు. రెండు వందల ఇరవై. ఇంత రక్తపోటు పెట్టుకుని ఈ మనిషి సైకిలు ఎలా తొక్కాడని నన్నడిగారు. నాకేం తెలుసు. వారానికి ఒక్కరోజు కనిపించే మొగుడి ఒంట్లో ఏముందో ఏ పెళ్ళాం చెప్పగలదు?

పోటు ఎక్కువై మూత్రపిండాలు దెబ్బతింటాయట. అవి దెబ్బతిన్నకొద్దీ పోటు ఇంకా పెరుగుతుందట. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి, మధ్యలో ఎక్కడో ఆపాలి అన్నారు. బావని పెద్ద వార్డులో కాకుండా సిస్టరు బల్ల పక్కనున్న చిన్న గదిలో పడుకోబెట్టారు. మరీ కష్టంగా ఉన్నవాళ్ళకి ఆ గది, రెండే మంచాలు. గంటగంటకీ పోటు చూస్తారు. మూత్రం సీసాలో పట్టి సిస్టరుకి చూపించాలి. ఆ పని నాదే.

"ఉప్పు చిటికెడు కూడా వద్దు. మందు ఎంత ముఖ్యమో ఇదీ అంతే" అన్నారు డాక్టరు గారు. తల ఊపాను.

22-7-68

బడికి సెలవు కాగితం పంపాను. అత్త వచ్చింది. అత్తంటే బావ తల్లి గురమ్మ, మా నాన్నకి అక్క. చిన్నప్పుడు నాకు జడలు వేసిన చెయ్యి ఆవిడది. ఆసుపత్రి వెనక సందులో చిన్న గది తీసుకున్నాం. వంట అత్తది, బావ దగ్గర కూర్చోవడం నాది.

రాయడానికి సిగ్గుగా ఉంది గాని రాస్తాను. నాకిక్కడ బాగుంది. పొద్దున బావ మొహం తుడుస్తాను. తల దువ్వుతాను. మధ్యాహ్నం నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాను. ఏడేళ్ళలో ఈ మనిషిని పగటిపూట నిద్రలో చూడలేదు. కుడి చెవి వెనక చిన్న మచ్చ ఉందని ఇవాళే తెలిసింది. పక్క మంచం ముసలాయన భార్య, "కొత్తగా పెళ్ళయిందా అమ్మా?" అని అడిగింది. అవునన్నాను.

25-7-68

రక్తపోటు దిగడం లేదు. మాత్ర పెంచారు. కాళ్ళ వాపు అలాగే ఉంది.

మధ్యాహ్నం కారణం తెలిసింది. అత్త గంజి కలిపి, అటూ ఇటూ చూసి, కొంగు ముడి విప్పింది. ముడిలో ఉప్పు. నేను చెయ్యి పట్టుకున్నాను. అత్త గొంతు తగ్గించి విరుచుకుపడింది.

"బతికున్నోడికి సప్పిడి కూడు ఎడతారేటే? సావింట్లో తినే కూడది. నీ మావ పోయినప్పుడు నాను తిన్నాను. నా కొడుక్కి నా సేత్తో ఎట్టమంటావేటి?"

"అత్తా, డాక్టరు గారు ఒద్దన్నారు కదా."

"ఆయన్ని కన్నది నాను కాదు. ఈడ్ని కన్నాను."

అప్పుడు బావ చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టపగలు, నలుగురు చూస్తుండగా, మొదటిసారి. "ఒసే కూర్మీ, ఉప్పు నేకపోతే నోట్లోకి ముద్ద దిగట్లేదే. కూసింతే కదా. డాకటేరుకి సెప్తే అమ్మని బయటికి గెంటేస్తారు. సెప్పనని నా మీద ఒట్టెయ్యి" అని నా అరచెయ్యి తీసి తన తల మీద పెట్టుకున్నాడు.

వేశాను. ఉప్పుకోసం కాదు, అత్త మీద జాలితోనూ కాదు. ఆ చెయ్యి వదలాలని లేక వేశాను.

28-7-68

ఇంకో రకం మాత్ర కలిపారు. ఇప్పుడు మూడు. ఒంట్లో నీరు లాగే మాత్ర ఒకటి, పోటు దించేవి రెండు. అందులో ఒకటి సర్పగంధి వేరులోంచి తీసిందట. అయినా రెండు వందల కిందికి రావడం లేదు.

డాక్టరు గారు మంచం కాళ్ళ దగ్గర నిలబడి తనలో తను మాట్లాడుకున్నట్టు, "ఈ మోతాదుకి లొంగాలే" అన్నారు. నేను కిటికీలోంచి చూశాను. బయట చూడడానికి ఏమీ లేదు.

కూసింతే కదా ఉప్పు.

29-7-68

కూసింత ఉప్పుకి ఏమవుతుంది. మందులే సరైనవి కావేమో.

31-7-68

వానలు పడ్డాయి. మా వైపు వరి ఉడుపులు మొదలయ్యాయని కబురొస్తే అత్త ఊరెళ్ళింది. నాలుగు రోజుల్లో వస్తానంది. వెళ్తూ కొంగు ముడి విప్పి ఉప్పు నా చేతిలో పోసింది. "మర్సిపోకు" అంది.

అత్త బస్సెక్కాక దాన్ని కాలవలో పోశాను. నాకే నవ్వొచ్చింది. ఇంత సులువైన దారి నాకెందుకు తోచలేదు? డాక్టరుకి చెప్పను, ఒట్టు నిలుస్తుంది. ఉప్పు వెయ్యను, పథ్యం నిలుస్తుంది. అత్త పరువూ నిలుస్తుంది. పంతులమ్మ బుర్రా మజాకా!

1-8-68

నూట డెబ్భై! చప్పిడి గంజి తాగి బావ నన్ను తిట్టాడు. తిట్టనీ.

2-8-68

నూట నలభై. సిస్టరు కూడా నవ్వింది. కాళ్ళ వాపు తీసింది. బావ పాదాలు మళ్ళీ బావ పాదాల్లా ఉన్నాయి. పోటు దిగుతోంది, ఇల్లు చేరతాం, వసారాలో కొత్త పొయ్యి వేయించాలి, కిటికీకి గుడ్డ కుట్టాలి. రేపు బడికి ఉత్తరం రాస్తాను, ఇంకో వారంలో చేరతానని.

లేచి కూర్చుంటే, "గది తిరుగుతోందే" అన్నాడు. ఇన్నాళ్ళు పడుకున్న మనిషి కదా.

3-8-68

నూట పది. అందరూ నవ్వాలి కదా. ఎవరూ నవ్వలేదు.

పొద్దుటి నుంచి సీసాలో ఏమీ లేదు. నేను మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే బావ విసుక్కున్నాడు. "వస్తే ఇవ్వనా? రావట్లేదే." సాయంత్రానికి అడుగున కాస్త. కాఫీ డికాషను రంగు.

డాక్టరు గారు అడిగారు. "మందులు అవే. ఇంత గబగబా ఎందుకు దిగింది? వాంతులు, విరేచనాలు ఏమైనా? తిండిలో ఏమైనా మారిందా?"

"లేదండి" అన్నాను.

నేను అబద్ధం ఆడలేదు. తిండిలో ఉప్పు ఉండకూడదన్నారు. లేదు. అంతే కదా.

4-8-68, ఆదివారం

రాయాలి.

పొద్దున బావ చెయ్యి ఎత్తి పట్టుకుంటే చల్లగా ఉంది, జారి పడిపోయింది. పిలిస్తే కళ్ళు తెరిచి చూసి, నన్నెవరో అన్నట్టు మళ్ళీ మూసుకున్నాడు. పోటు ఎనభై. సీసా ఖాళీ. ఆదివారమైనా డాక్టరు గారు పరిగెత్తుకొచ్చారు. నిన్న తీసిన రక్తంలో యూరియా బాగా పెరిగిందట. సిస్టరు ఇంజెక్షను సిద్ధం చేసింది.

"చూడమ్మా. మూత్రపిండాలు ఆగిపోతున్నట్టున్నాయి. నీరు లాగే మందే, ఎక్కువ మోతాదు, నరంలోకి ఇచ్చి చూస్తాను. దానికీ మూత్రం రాకపోతే విశాఖపట్నం పంపినా చెయ్యగలిగింది పెద్దగా ఉండదు. నీకు చెప్పకుండా దాచడం మంచిది కాదు."

మంచం పట్టె పట్టుకున్నాను.

మూఢనమ్మకాలు వద్దని పిల్లలకి పాఠం చెప్పేదాన్ని. ఒట్టు తప్పితే ఎవరూ చచ్చిపోరని, అది ఉత్త మాటని, కిందటేడు నాలుగో తరగతికి నా నోటితో చెప్పాను. ఇప్పుడు నా అరచేతిలో బావ జుట్టు ఇంకా తగులుతున్నట్టే ఉంది. ఆ తల మీద చెయ్యి పెట్టి అన్న మాట. తప్పితే నా చేతుల్లో పోతాడు. తప్పకపోతే? ఉప్పుకీ దీనికీ సంబంధం ఉందో లేదో కూడా నాకు తెలియదు. లేకపోతే ఊరికే ఒట్టు తప్పి మొగుణ్ణి చంపుకున్నదాన్నవుతాను. బావా, నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావు అని మనసులో అడిగాను. బావ కళ్ళు తెరవలేదు.

సిస్టరు బావ మోచేతికి రబ్బరు గొట్టం కట్టింది.

"ఆగండి" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. పక్క మంచం ముసలాయన ఉలిక్కిపడ్డాడు. "ఆయన ఉప్పు తిన్నాడండి. రోజూ తిన్నాడు. మా అత్త వేసేది. ఆవిడ ఊరెళ్ళిన దగ్గర్నుంచి నేను పూర్తిగా మానేశాను."

డాక్టరు గారు ఇంజెక్షను సిస్టరు చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టారు. ఎంత వేసేదని అడిగారు. గుప్పెటలో చూపించాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఉప్పు తినే మనిషి పోటు దించడానికి మందులు పెంచుకుంటూ పోయాను. ఉప్పు ఒక్కసారి ఆగిపోయింది, మందులు అలాగే ఉన్నాయి. ఒంట్లో ఉన్న నీరంతా లాగేశాయి. ఈయన మూత్రపిండాలు ఎప్పట్నుంచో ఎక్కువ పోటుకి అలవాటు పడ్డవి. ఎనభైకి వాటిలోకి రక్తం వెళ్ళదు. రక్తం లేనిదే అవి ఏం చేస్తాయి? ఇప్పుడు నేను ఇంకా నీళ్ళు లాగే మందు ఇచ్చి ఉంటే..."

తర్వాత కోపం వచ్చింది ఆయనకి. "నిన్న అడిగానా లేదా? చదువుకున్నదానివి కదా!"

"ఆయన మీద ఒట్టు వేశానండి" అన్నాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. సిస్టరు వైపు తిరిగి, "మాత్రలన్నీ ఆపెయ్యండి. సెలైను పెట్టండి" అన్నారు.

ఇప్పుడు బావ చేతిలోకి చుక్కచుక్కగా దిగుతోంది. ఉప్పునీళ్ళే.

5-8-68

పోటు నూట పది. సీసాలో రాలేదు.

అత్త వచ్చింది. పైన వేలాడుతున్న సీసా చూసి, "ఏటిది?" అంది.

"ఉప్పునీళ్ళు అత్తా."

"మరి నానెట్టింది ఏటే?" అని నిలదీసింది. ఏడుస్తున్న నాకు కూడా నవ్వొచ్చింది. కాని అంతలో డాక్టరు గారు వచ్చి వార్డంతా వినేట్టు ఆవిణ్ణి కేకలేశారు. పొలంలో పదిమందిని అజమాయిషీ చేసే మనిషి గోడకి ఆనుకుని, తల మీద కొంగు లాక్కుని నిలబడిపోయింది. ఆయన వెళ్ళాక నా దగ్గరకొచ్చింది.

"నువ్వు సెప్పేవా?"

"సెప్పేను."

"నా కొడుకు మీద ఒట్టేసి తప్పేవా?" గొంతులో కోపం కన్న భయం ఎక్కువ. కొడుకు మంచం పట్టె పట్టుకుని కింద కూలబడింది. ఆ క్షణంలో నేనూ ఆవిడంత భయపడ్డాను.

6-8-68

ఇంకా రాలేదు.

6-8-68, సాయంత్రం

ఇంకా లేదు. నాకు ఇల్లొద్దు, వసారా వద్దు. మళ్ళీ పాలకొండ అవతలికే పంపెయ్యనీ. శనివారాలు కూడా వద్దు. ఈ సీసా ఒకటి తడవనీ.

7-8-68

వచ్చింది! పొద్దున వచ్చింది. మొదట అడుగున కాస్త, మధ్యాహ్నానికి సగం సీసా. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాను. లేత ఎండుగడ్డి రంగు. సీసా పట్టుకుని సిస్టరు దగ్గరికి పరిగెత్తాను. వరండాలో మనుషులు ముక్కు మూసుకుని పక్కకి తప్పుకున్నారు. సిస్టరు నా భుజం తట్టింది. మూత్రం చూసి ఇంత సంబరపడ్డ ఆడది ఈ జిల్లాలో ఇంకొకర్తి ఉంటుందా?

పోటు నూట నలభై. డాక్టరు గారు ఇకమీదట నూట యాభై దగ్గర ఉంచుతానన్నారు, మెల్లగా, నెలల మీద దించుదామన్నారు. ఒకే మాత్ర. ఉప్పు లేదు. మూత్రపిండాలు పూర్తిగా కోలుకోవు, ఉన్నవాటిని కాపాడుకోవాలి అన్నారు.

9-8-68

బావకి పూర్తిగా తెలివొచ్చింది. అత్త చెప్పేసింది.

"సెప్పేసేవా?" అన్నాడు.

"సెప్పేసేను బావా."

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చెవి వెనక మచ్చ నావైపు ఉంది.

15-8-68

ఆసుపత్రి ముందు జెండా ఎగరేసి పిల్లలకి మిఠాయి పంచారు. బావని పంపించేశారు.

గేటు బయట రెండు రిక్షాలు మాట్లాడాను, స్టేషనుకని. అత్త బావని ఒక రిక్షాలో కూర్చోబెట్టి, తను పక్కన ఎక్కి, "బస్సు కాడికి పోనీ" అంది. రాజాం బస్సు. అత్త ఊరు.

"అత్తా, ఇంటికి కదా" అన్నాను.

"ఒట్టు తప్పిన సేతి కూడు ఆడు తినడు. ఏ దేవత ఎప్పుడు సూస్తాదో. ఆడి పానం నాకు కావాల." డాక్టరు మాటలన్నీ విన్నాకే అలా అంది, ఉప్పు ముట్టనివ్వనని కూడా చెప్పింది. నన్ను తిట్టలేదు. తిడితే తిరిగి ఏమైనా అనేదాన్ని.

నేను బావ వైపు చూశాను. ఒక్క మాట అంటే చాలు. వార్డంతా చూస్తుండగా తల్లిని నిలబెట్టి కేకలేయించినదాన్ని కదా. రిక్షా మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

రెండో రిక్షావాడు, "ఎక్కండమ్మా" అన్నాడు. ఎక్కాను.

17-8-68. చీపురుపల్లి

బడిలో చేరాను.

24-8-68

శనివారం. ఏమీ లేదు రాయడానికి.

1-9-68

రెండు పళ్ళాలు కడుగుతున్నాను. ఒక దాంట్లోనే తింటున్నాను, రెండూ కడుగుతున్నాను. నాకూ చప్పిడే. ఎవరు వద్దన్నారు నన్ను ఉప్పు వేసుకోవద్దని? వేసుకోబుద్ధి కావడం లేదు. బావ తినలేనిది నాకెందుకు? ఇలా రాస్తే గొప్పగా ఉంది గాని, నిజం ఏమిటంటే ఇద్దరం ఒకే పూట ఒకే రకం కూడు తింటున్నామని అనుకుంటే కాస్త ఊరటగా ఉంటుంది. వస్తాడు. కోపం తగ్గితే తనే వస్తాడు.

8-9-68, ఆదివారం

వెళ్ళాను. ఎన్నాళ్ళు ఆగుతాను?

బస్సు దిగి నడుస్తుంటే పొలాల్లో నాట్లు పచ్చగా నిలదొక్కుకున్నాయి. ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు బావ. ఉబ్బు లేదు. దవడ ఎముకలు కనిపిస్తున్నాయి. కళ్ళు తేటగా ఉన్నాయి. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. వంటింట్లోంచి అత్త గొంతు వినిపించింది. "ఉప్పు ఎయ్యట్లేదులే! ఎల్లి మీ డాకటేరుకి అదీ సెప్పు!"

మంచం కోడు దగ్గర నిలబడ్డాను. మాత్రలు వేసుకుంటున్నావా అంటే వేసుకుంటన్నానన్నాడు. తల తిరుగుతోందా అంటే లేదన్నాడు. సరిగ్గా వస్తోందా అంటే, "ఇంకా దాని గురించేనేటే?" అని విసుక్కున్నాడు. ఆ విసుగు వినడానికే ఇంత దూరం వచ్చానేమో.

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"కూర్మీ, నాకూ ఇక్కడ తోచట్లేదే. అమ్మ పడ్డ అవమానం నాను మర్సిపోలేకపోతన్నాను. నాకేదొచ్చినా సరే, ఇంట్లో మాట బయటోడికి సెప్పనని ఇప్పుడు నా మీద ఒట్టెయ్యి. అమ్మకి నాను సెప్పుకుంటాను. రేపే వచ్చేస్తాను."

రేపే.

నా చెయ్యి దానంతట అదే లేచింది. ఆ తల మీద పెట్టాను. ఎండకి జుట్టు వెచ్చగా ఉంది. వంటింట్లో అత్త గరిటె చప్పుడు ఆగింది. ఒక్క మాట. ఆ మాట అంటే రేపు చీకటి పడేసరికి వాకిట్లో సైకిలు గంట వినిపిస్తుంది. ఆ ఒక్క మాటా నోట్లోనే ఉంది.

"ఒట్టెయ్యను బావా" అన్నాను. "నీ పానం మీదకొస్తే మళ్ళీ సెప్తాను. డాకటేరుకే కాదు, ఊరంతటికీ సెప్తాను."

నా చెయ్యి పట్టుకుని విసిరికొట్టాడు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు. తూలకుండా, గోడ పట్టుకోకుండా వెళ్ళాడు. నేను కాసేపు అక్కడే నిలబడి బస్సు దగ్గరికి వచ్చేశాను.

బస్సులో ఏడ్చాను. నాకు బావ కావాలి. ఎంత కావాలో రాయడం నాకు చేతకాదు. ఒట్టు వేసేసి ఉంటే రేపు ఈ ఇంట్లో ఉండేవాడు. పిచ్చిదాన్ని, వెయ్యలేదు.

మణికట్టు దగ్గర ఎర్రగా కందింది. దీపం దగ్గర పెట్టుకుని చూసుకున్నాను. ఆ రోజు ఆసుపత్రిలో నేను ఎత్తి పట్టుకుంటే జారి పడిపోయిన చెయ్యి ఇంత గట్టిగా విసిరింది. నామీద కోపంగా ఉన్నాడు. ఉండనీ. ఉంటే చాలు.